చెక్క లాబ్‌స్టర్ పడవకు మరమ్మతు: కట్టినవారి చెయ్యి తెలిస్తే కారేచోటు తెలుస్తుంది

అమెరికా ఈశాన్య మూలనున్న మెయిన్ రాష్ట్రంలో పాత చెక్క లాబ్‌స్టర్ పడవ మరమ్మతుకు ఒడ్డెక్కిందంటే మొదట అడగాల్సిన ప్రశ్న, దాన్ని ఏ ఊళ్లో కట్టారని. ఆ జవాబు దొరికితే నీరు ఎక్కడినుంచి వస్తోందో సగం తెలిసినట్టే. ఈ కేసుకు తీసుకున్నది 1950లలో కట్టిన తరహా 32 అడుగుల పడవ. ఓక్ అడుగుదూలం, ఆవిరిపట్టి వంచిన ఓక్ పక్కటెముకలు, వాటిమీద తెల్ల సీడార్ పలకలు. ఇలాంటి పడవలకు మామూలుగా వచ్చే జబ్బులను, వాటికి చేసే పనిని, ఆ పనిలో పాటించాల్సిన వరసను ఇక్కడ రాస్తున్నాం. వరస ముఖ్యం. పనులన్నీ సరిగ్గా చేసి వరస తప్పినందుకే పాడైన పడవలు చాలా ఉన్నాయి.

ముందుగా ఒక మాట. మన తీరంలో దొరికే లాబ్‌స్టర్‌కి పెద్ద డెక్కలుండవు, పొడవాటి ముళ్ల మీసాలుంటాయి. మెయిన్ లాబ్‌స్టర్ వేరే జాతి. దానికి పీతకున్నట్టు రెండు పెద్ద డెక్కలుంటాయి. రాళ్ల మధ్య దాక్కుంటుంది కాబట్టి వలకంటే బోనే దానికి సరైన సాధనం. పాత బోను వంచిన కొమ్మలమీద చెక్క పట్టీలు కొట్టి చేసేది. మునగడానికి అందులో రాళ్లో ఇటుకలో పెట్టేవారు. ఎర ఉండే మొదటి గదిని అక్కడివాళ్లు ‘కిచెన్’ అంటారు, చిక్కుకుపోయే రెండో గదిని ‘పార్లర్’ అంటారు. నీరు పీల్చిన ఈ బోనును రాతి గుట్టల పక్కనుంచి, అలలమీద ఊగుతూ, ఒక్క మనిషి పైకి లాగాలి. ఈ పడవ ఒళ్లు మొత్తం ఆ ఒక్క పనికోసం తీర్చినదే.

తెరచాపనుంచి ఇంజనుదాకా

ఇంజన్లు రాకముందు తీరానికి దగ్గర్లో ‘పీపాడ్’ వాడేవారు. బఠాణీ కాయలా రెండు కొసలూ సన్నగా ఉండే చిన్న తెడ్ల పడవ అది. మనిషి నిలబడి, ముందుకు చూస్తూ తెడ్లు వేసేవాడు, అప్పుడే నీళ్లలో రాళ్లు కనిపిస్తాయి. ఇంకాస్త లోతుకి వెళ్లేవారికి ‘ఫ్రెండ్‌షిప్ స్లూప్’ ఉండేది. మస్కాంగస్ బే ప్రాంతంలో, 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఆ రూపం కుదురుకుంది. ఫ్రెండ్‌షిప్ అనే ఊరి పేరే దానికి వచ్చింది. అక్కడి విల్బర్ మోర్స్ షాపు వాటికి పేరుమోసింది. ముక్కు ఎత్తుగా ఉండి, నడుం దగ్గర అంచు నీటికి దగ్గరగా దిగుతుంది. బోను ఎత్తాల్సింది నడుం దగ్గరే కదా. పట్టిన సరుకును ప్రాణంతో మోసుకెళ్లడానికి ‘స్మాక్’ అనే వేరే పడవ ఉండేది. దాని నడుంలో ఒక తొట్టి కట్టి, ఆ తొట్టి అడుగు పలకలకు కావాలనే బెజ్జాలు పెట్టేవారు. సముద్రపు నీరు లోపలికీ బయటికీ ఆడుతూ ఉంటే లాబ్‌స్టర్లు బతికుంటాయి. బెజ్జాలున్న తొట్టిని కారని పడవ మధ్యలో ఇమిడ్చిన ఆ వడ్రంగం మీద మాకు చాలా గౌరవం.

1900 దాటాక ఒకే సిలిండరు పెట్రోలు ఇంజన్లు వచ్చాయి. మెయిన్‌లోనే, కామ్డెన్‌లో తయారైన నాక్స్ ఇంజన్ వాటిలో ఒకటి. మొదట వాటిని తెరచాప పడవల్లోనే బిగించారు. అయితే తెరచాప ఒళ్లు ఇంజనుకి పనికిరాదు. గాలికి ఒరిగినా నిలవడానికి లోతుగా, బరువుగా ఉండే ఒళ్లది. వెనక సన్నబడి పైకి లేచే ఆ ఒళ్లును ఇంజను తోస్తే తోక నీళ్లలో కూరుకుపోతుంది.

ఇంజనుకి తగిన ఒళ్లు మెయిన్ తూర్పు కొసన, జోన్స్‌పోర్ట్ ఊరు, దాని ఎదురుగా ఉన్న బీల్స్ దీవిలో పుట్టింది. కెనడాలోని నోవా స్కోషియానుంచి 1912 ప్రాంతంలో అక్కడికి వచ్చిన విల్ ఫ్రాస్ట్ పేరు ఈ సందర్భంలో తప్పక చెప్పాలి. పొడవైన, సన్నని ఒళ్లు. వెనక సగం అడుగు దాదాపు చదును. తొలినాటి పడవల తోక గుండ్రంగా, పైనుంచి లోపలికి వాలి ఉండేది. యుద్ధనావను పోలిందని దాన్ని ‘టార్పెడో స్టెర్న్’ అన్నారు. తర్వాత చతురస్రంగా ఉండే అడ్డపలక తోకే నిలిచింది, బోనులు పేర్చుకోవడానికి వెనక చోటు కావాలి కాబట్టి. మద్యనిషేధం రోజుల్లో, 1920 నుంచి 1933 దాకా, దొంగ మద్యం మోసేవారికి వేగమైన పడవలు కావలసివచ్చాయి. ఫ్రాస్ట్ వాటినీ కట్టాడు.

చదును అడుగు విలువ ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. నీటిని చీల్చుకుంటూ పోయే ఒళ్లు తేలిగ్గా అందుకునే వేగం నాట్లలో (నాట్ అంటే గంటకు ఒక సముద్రపు మైలు), నీటిగీత, అంటే నీటిమట్టం ఒళ్లును తాకే గీత, పొడవు అడుగుల వర్గమూలానికి సుమారు 1.34 రెట్లు. 30 అడుగుల నీటిగీతకు అది 7.3 నాట్లు. ఆపైన ఎంత ఇంజను పెట్టినా తోక దిగుతుందే తప్ప పడవ సాగదు. వెనక చదునుగా ఉంటే నీరు ఒళ్లును పైకి తోస్తుంది, పాత కారు ఇంజనుతోనే ఆ హద్దు దాటొచ్చు. తీరప్రాంత జాలర్లు అందుబాటులో ఉన్న పాత కారు ఇంజన్లనే పడవలకు మార్చుకున్నారు. తాడు లాగడానికి కారు వెనక ఇరుసు గేర్లనే నిలబెట్టి, దాని కొసన ఇత్తడి డోలు బిగించుకున్నవాళ్లూ ఉన్నారు. తర్వాత వచ్చిన హైడ్రాలిక్ హాలర్ తాడును రెండు పళ్లేల మధ్య నొక్కి లాగుతుంది.

రెండు రకాల ఒళ్లు

బీల్స్, జోన్స్‌పోర్ట్ వైపు ఎక్కువగా కట్టింది ‘స్కెగ్’ రకం. పడవ అడుగు తన మానాన తాను మూసుకుంటుంది. దాని కింద, వెనకవైపు, ప్రొపెల్లర్ ఇరుసు దూరే దళసరి దూలాల రెక్కను విడిగా బోల్టులతో బిగిస్తారు. తేలిక, వేగం, తక్కువ చెక్క. బలహీనత ఆ రెక్క అతుకులోనే ఉంది. ఏళ్లతరబడి పక్కనుంచి తగిలే అలలు, ఒడ్డుకు లాగేటప్పుడు పడే ఒత్తిడి కలిసి బోల్టులను వదులు చేస్తాయి. అప్పుడు నీరు ఇరుసు గొట్టం చుట్టూ వస్తుంది. ఇరుసు చుట్టూ నీరు రాకుండా దట్టించే ప్యాకింగ్ ఎంత బిగించినా ఆగదు.

రెండోది ‘బిల్ట్‌డౌన్’. మౌంట్ డెజర్ట్ దీవి వైపు, నోవా స్కోషియాలోనూ ఇది ఎక్కువ. పలకలే ఎస్ ఆకారంలో మెలితిరిగి అడుగుదూలందాకా దిగుతాయి. రెక్క స్థానంలో లోపల బోలు ఉంటుంది. ఇంజను కిందకు కూర్చుంటుంది, అలలమీద ఊపు మెత్తగా ఉంటుంది. సౌత్‌వెస్ట్ హార్బర్‌లో రేమండ్ బంకర్, రాల్ఫ్ ఎలిస్ కలిసి 1946 నుంచి నడిపిన షాపు ఆ వైపు పనితనానికి గుర్తు. నోవా స్కోషియాలో క్లార్క్స్ హార్బర్‌కు చెందిన ఎఫ్రాయిమ్ అట్కిన్సన్ 1905లో కట్టిన పడవనుంచి ‘కేప్ ఐలాండ్’ రకం వచ్చింది. ఈ రకం ఒళ్లు బలహీనత ఆ మెలికలో ఉంటుంది. పక్కటెముక అక్కడ రెండుసార్లు వంగాలి. విరిగేది అక్కడే. పైగా బోలులో చేరిన చెత్త, నూనె, నీరు చేతికి అందవు.

కాబట్టి కారుడు ఇరుసు చుట్టూ ఉంటే స్కెగ్ పడవలో బోల్టులు విప్పాలి. బిల్ట్‌డౌన్‌లో అదే కారుడుకి పక్కటెముకలు చూడాలి. ఒకదాని మందు రెండోదానికి వేస్తే ఆ కాలమంతా వృథా.

ఎలా కట్టారో

ఈ పడవల్లో చాలావాటికి కాగితంమీద నమూనా లేదు. పైన్ చెక్క పొరలను మేకులతో కలిపి, ఒళ్లులో సగాన్ని, నిలువుగా కోసినట్టు, చేత్తో చెక్కేవారు. అడుగుకు ఒక అంగుళం కొలత పెట్టుకుంటే 32 అడుగుల పడవకు 32 అంగుళాల సగంబొమ్మ. వేలితో తడిమి, వెలుతురు దానిమీద జారేతీరు చూసి సరిదిద్దేవారు. తృప్తి కలిగాక పొరలు విడదీసి, ప్రతి పొర కొలతా నేలమీద నిజమైన పరిమాణంలో గీసేవారు. మరమ్మతుకు ఇది పనికొచ్చే సంగతి: సగంబొమ్మ షాపు గోడకు ఇంకా వేలాడుతూ ఉంటే, ఒరిగిపోయిన ఒళ్లుకి అసలు ఆకారమేదో అది చెబుతుంది.

చెక్క విషయానికొస్తే, తెల్ల సీడార్ ఘనపు అడుగుకు 22 పౌండ్లు తూగుతుంది, ఓక్ దానికి రెట్టింపు. సీడార్ తేలిక, త్వరగా కుళ్లదు, అక్కడి చిత్తడి నేలల్లో పెరిగేదే. అయితే చెట్టు చిన్నది, చెక్కలో ముడులు ఎక్కువ. పొడవైన పలక దొరకదు. అందుకే ప్రతి వరసలోనూ అతుకులుంటాయి. ప్రతి అతుకుకీ లోపలివైపు రెండు పక్కటెముకల మధ్య దన్నుపలక ఉంటుంది.

పక్కటెముకలకు పచ్చి ఓక్ కావాలి, బట్టీలో ఆరబెట్టింది పనికిరాదు. అంగుళం మందానికి గంట చొప్పున ఆవిరి పట్టాలి. పెట్టెలోంచి తీశాక పట్టుమని పావు నిమిషంలో, ఆకారం పట్టి ఉంచే అచ్చుపట్టీల లోపల వంచి బిగింపు పడాలి. ఎర్ర ఓక్ బాగా వంగుతుంది, చవక. దాని నరాలు బోలు. చిన్న ముక్క ఒక కొస నోట్లో పెట్టి ఊదితే రెండో కొసనుంచి గాలి వస్తుంది. గాలి పోయేచోటికి నీరూ పోతుంది. తెల్ల ఓక్ నరాలు పూడుకుపోయి ఉంటాయి, అందుకే ఎక్కువకాలం నిలుస్తుంది. ఎర్ర ఓక్ వాడిన పడవ అని తెలిస్తే పక్కటెముకల పైకొసలను మరింత అనుమానంగా చూడాలి.

పలకలు అంగుళానికి కొంచెం తక్కువ, 7/8 అంగుళం. పలక అంచుల్ని లోపలివైపు కలిసేలా, బయటివైపు కొద్దిగా తెరుచుకునేలా చెక్కుతారు. ఆ చీలికలో దూది పేట్లు దట్టించి, రెడ్ లెడ్ రంగు పూసి, పైన పుట్టీ పెడతారు. పడవ నీటిలో పడ్డాక సీడార్ ఉబ్బి దూదిని నొక్కుతుంది. ఒళ్లు గట్టిపడేది ఆ నొక్కుడుతోనే. ఈ ఒక్క మాట అర్థమైతే తర్వాత చెప్పబోయే తప్పుల్లో సగం ఎవరూ చేయరు.

32 అడుగుల ఒళ్లులో ఏం చెడుతుంది

వానే మొదటి శత్రువు. ఉప్పునీరు చెక్కను చాలావరకు కాపాడుతుంది, కుళ్లు పెంచేది మంచినీరు. అందుకే నీటిగీత కింద గట్టిగా ఉన్న పడవకు పైన చేతివేలు దిగుతుంది: తోక అడ్డపలక మూలలు, డెక్ అంచుల కింద పక్కటెముకల తలలు, ముక్కు దూలం పైకొస, నడిపేవాడు నిలబడే గది గోడ డెక్‌కు ఆనే గీత.

కుడివైపు గీత మరీ ముఖ్యం. చుక్కాని తిప్పే చక్రం, హాలర్, బోను దించుకునే అంచు అన్నీ కుడివైపే ఉంటాయి. గది గోడ కూడా ఆవైపు తెరిచే ఉంటుంది. బోను లాగుతున్నప్పుడు పడవను కుడికి తిప్పుతూ ఉంచితే తోక ఎడమకు జరుగుతుంది, తాడు ప్రొపెల్లరుకి దూరంగా ఉంటుంది. ఈ పని ఏటా వేలసార్లు జరుగుతుంది. ప్రతి బోనూ కుడి అంచుమీద పడుతుంది, లాగుడు బరువు గది గోడ కుడి మూలమీద వేలాడుతుంది. ఆ మూల అతుకు వెంట్రుకవాసి తెరుచుకుంటుంది. వాననీరు అక్కడ దిగుతుంది. కుడివైపు పక్కటెముకల తలలు ఎడమవాటికంటే ముందు పోతాయి. రెండువైపులూ ఒకేలా ఉంటాయనుకుని ఒకవైపే పరీక్షించడం తప్పు.

రెండోది మేకులు. జింకు పూత పోయిన ఇనుపమేకు ఓక్‌లోని టానిన్‌తో కలిసి నల్లగా మారుతుంది, చుట్టూ చెక్క మెత్తబడుతుంది. పలకలమీద వరసగా తుప్పు కన్నీళ్లు కనిపిస్తాయి. కంచు స్క్రూలున్న పడవలో తీరు వేరు. కంచు భాగాలను కాపాడాలని అవసరానికి మించి జింకు దిమ్మలు వేలాడదీస్తే, కంచు బోల్టుల చుట్టూ క్షారం పుట్టి చెక్కను నార నారగా చేస్తుంది. మంచి చేయబోయి చెక్కను తినేసిన పని ఇది. బోల్టు మెరుస్తూ ఉంటుంది, దాన్ని పట్టుకోవాల్సిన చెక్క ఉండదు.

మూడోది విరిగిన పక్కటెముకలు. ఒళ్లు అడుగునుంచి పక్కకు తిరిగే బిగుతైన వంపులో, ముఖ్యంగా ఇంజనుకి వెనక, వరసగా నాలుగైదు ఒకే గీతలో విరిగి ఉంటాయి. బయటినుంచి చూస్తే వంపు చదునుగా కనిపిస్తుంది.

పని వరస

ఒడ్డెక్కించగానే బరువంతా అడుగుదూలంమీద ఉండాలి. పక్క ఊతలు పడవ ఒరగకుండా ఆపడానికే. వాటిమీద బరువు పడితే పక్కటెముకలు లోపలికి నొక్కుకుంటాయి. దూలం పక్కన ఈ కొసనుంచి ఆ కొసకి దారం లాగి, మధ్యలో ఎంత లేచిందో కొలిచి రాసుకోవాలి. కొసలు వాలి నడుం లేచిన పడవను ఒక్కరోజులో జాకీలతో నిలబెట్టకూడదు. వారాలమీద కొంచెం కొంచెంగా దించాలి.

షెడ్డుకు మట్టి నేల ఉంటే మంచిది. కాంక్రీటు నేల, హీటరు, శీతాకాలమంతా పని అంటే పలకలు ఎండి చీలికలు నోళ్లు తెరుస్తాయి. లోపల తడి గోనెలు పరిచి ఉప్పునీరు చల్లుతూ ఉండాలి.

తర్వాత పరీక్ష. చిన్న సుత్తితో తట్టాలి. గట్టి చెక్క మోగుతుంది, కుళ్లింది మూగగా ఉంటుంది. ముందు, నడుం, వెనక, రెండువైపులా, నీటిగీత పైనా కిందా స్క్రూ తలలను మూసే చెక్క బిరడాలు కొన్ని తీసి స్క్రూలు బయటికి లాగి చూడాలి. బాగున్నచోట రెండు తీసి పడవంతా బాగుందనడం అందరూ చేసే పొరపాటు. అడుగుదూలం పక్క మొదటి పలకలోవి, వంపులోవి తప్పకుండా చూడాలి.

పక్కటెముకలను మొదట పట్టాలి, పలకలను తర్వాత. బయట అచ్చుపట్టీలు బిగించి ఆకారాన్ని పట్టి ఉంచి, ఒకటి విడిచి ఒకటి మార్చాలి. అన్నీ ఒకేసారి తీసేస్తే పడవ ఆకారం మరిచిపోతుంది, మళ్లీ గుర్తుచేయలేం. పాతది తీయడం కుదరనిచోట పక్కనే జంట ఎముక వేయొచ్చు. విరిగినచోటికి అటూ ఇటూ బాగా పొడవుండాలి. జంటల కొసలన్నీ ఒకే పలకమీద ఆగకూడదు. ఆగితే కొత్తగా విరిగే గీత అదే అవుతుంది.

పలకల్లో వరసగా ఒకదానిపక్క ఒకటి తీయొద్దు. రెండు ఉంచి ఒకటి తీయాలి. పక్కపక్క వరసల్లో అతుకుల మధ్య కనీసం మూడు ఎముకల ఖాళీలు ఎడం ఉండాలి. ఒకే ఖాళీలో రెండు అతుకులు రావాలంటే మధ్యలో మూడు నిండు వరసలు ఉండాలి.

స్క్రూల లెక్క ముందే కట్టుకోవాలి. ఎముకలు 10 అంగుళాలకొకటి అనుకుంటే 32 అడుగులకు పక్కకు 38, రెండువైపులా 76. పక్కకు 13 పలక వరసలు, ప్రతి కలయికకూ రెండు స్క్రూలు. మొత్తం 1,976. విరిగేవి, పడిపోయేవి కలుపుకుని 2,200 కొనాలి. 7/8 అంగుళం పలకకు 1¾ అంగుళాల సిలికాన్ కంచు స్క్రూ సరిపోతుంది. ఇనుపమేకుల పడవకు అక్కడక్కడా కంచు కలపడం వద్దు. రెండు లోహాలు ఉప్పునీటిలో పక్కపక్కన ఉంటే ఇనుము ముందు పోతుంది. పాత బెజ్జంలోనే కొత్త స్క్రూ తిప్పకూడదు, దాని పక్కన గట్టి చెక్కలో వేయాలి. స్క్రూ తలమీద సీడార్ బిరడా పెట్టేటప్పుడు దాని నార పలక నార దిశలోనే ఉండాలి. అడ్డంగా పెడితే చెక్కేటప్పుడు లోతుగా పెచ్చు లేస్తుంది.

దూది దట్టించడం స్క్రూల తర్వాతే. వదులు పలకల మధ్య దూది కొడితే పలకలు ఎముకలనుంచి ఇంకా లేస్తాయి. కారుతోందని ఏటేటా కొత్తగా కొట్టిన పడవలు ఇలాగే చచ్చాయి. చీలికల్లో ఎపాక్సీ గానీ గట్టిపడే జిగురు గానీ నింపడం ఇంకా ఘోరం. సీడార్ ఉబ్బుతుంది, జిగురు తగ్గదు. పలక అంచు నలుగుతుంది, లేదా ఎముక విరుగుతుంది. పాత ఒళ్లు మొత్తానికి ఫైబర్‌గ్లాస్ తొడగడమూ అంతే. లోపలి తడి బయటికి పోలేక తొడుగు వెనకే చెక్క మెత్తబడుతుంది, చూసేవారికి రంగు మెరుస్తూనే ఉంటుంది.

ఫైబర్‌గ్లాస్ మీద మాకు పగ లేదు. 1970లనుంచి మెయిన్‌లో కొత్త పడవలు క్రమంగా దానికే మారాయి. పురుగు, కుళ్లు, ఏటా దూది లేని ఒళ్లు జాలరికి అక్కరకొచ్చింది. చెక్క కట్టేవారి కళ్లే ఆ అచ్చుల్లోకి వెళ్లాయి. బీల్స్ దీవి కట్టుబడి తెలిసిన ఎర్నెస్ట్ లిబ్బీ జూనియర్ గీతలతో మెయిన్‌లోనే ఉన్న కొరియా (Corea) అనే ఊరి యంగ్ బ్రదర్స్ ఫైబర్‌గ్లాస్ ఒళ్లు పోశారు. విల్ ఫ్రాస్ట్ మనవడు రాయల్ లోవెల్ గీసిన ఒళ్లు కూడా రెండు పదార్థాల్లోనూ నడిచాయి. సౌత్‌వెస్ట్ హార్బర్‌కు చెందిన రాల్ఫ్ స్టాన్లీ మాత్రం చెక్క వదల్లేదు. 1999లో ఆయనకు అమెరికా ప్రభుత్వ కళాసంస్థ ఇచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ దక్కింది, 2021లో కన్నుమూశారు. ఆయన తరం పోతున్నకొద్దీ పడవను విప్పినప్పుడు కనిపించే పనితనమే మనకు మిగిలిన పాఠ్యపుస్తకం. అందుకే తీసేసిన ప్రతి భాగాన్నీ పారేయకుండా, కొలిచి, ఫొటో తీసి, ఎక్కడిదో దానిమీదే రాసి ఉంచాలి.

నీటిలో దించడం

రంగు ఆరగానే దించి వదిలేయకూడదు. ఎండిన ఒళ్లు మొదటి గంటల్లో బాగా కారుతుంది, కారాలి కూడా. పడవను ఎత్తే పట్టీలమీదే వేలాడదీసి రాత్రంతా నీటిలో ఉంచాలి. పంపులు రెండు ఉండాలి, ఒకటి కరెంటు లేకపోయినా నడిచేది. గంటకు ఎన్ని బకెట్లు వస్తున్నాయో రాసుకోవాలి. అంకె గంటగంటకూ తగ్గుతుంటే చెక్క తన పని తాను చేసుకుంటున్నట్టు. రెండు మూడు రోజుల్లో చెమటంత తడికి రావాలి. అంకె ఒకచోట ఆగిపోయి కిందికి రాకపోతే అది ఎండిన చీలిక పని కాదు. స్కెగ్ పడవైతే రెక్క బోల్టు, బిల్ట్‌డౌన్ అయితే మెలికలో వదిలేసిన ఎముక. మళ్లీ పైకి ఎత్తి ఆ ఒక్కచోటే చూడాలి. ఇంజను తొలి పది గంటలు నడిచాక, లోపల బోల్టుల నట్టులన్నీ ఇంకోసారి బిగించాలి. ఉబ్బిన సీడార్‌మీద అవి పావు తిప్పు వరకూ తిరుగుతాయి, అంతకుమించి బలవంతం చేస్తే వాషర్ పలకలోకి దిగబడుతుంది.